దేహపరిమాణము - బరువు తగ్గించు శస్త్రచికిత్స

ఇటలీ శాస్త్రజ్ఞుడగు గెలీలియో 1638లో ప్రకటించిన గ్రంథములో జంతువుల పరిమాణమును గూర్చి ఒక చక్కని తర్కము కలదు. ఒక జంతువు ఆకారము మారకుండ దాని పొడవు, వెడల్పు, ఎత్తు మూడును రెట్టింపైనవనుకొందము. దాని చర్మపు వైశాల్యము, ఎముకల అడ్డుకోత వైశాల్యము నాలుగు రెట్లగును. కాని ఘనపరిమాణము, దానితోపాటు బరువు, ఎనిమిది రెట్లగును. అనగా నాలుగు రెట్ల బలముగల కాళ్లు ఎనిమిది రెట్ల బరువును మోయవలసి వచ్చును. అందుచేతనే ఏనుగు కాళ్లు లేడి కాళ్లవలె సన్నగా ఉండక స్తంభములవలె ఉండును. పరిమాణము మారినప్పుడు తక్కినవన్నియు అదే పాళ్లలో మారవు అనునది ఈ తర్కములోని సారము.

ఈ సత్యము జంతుప్రదర్శనశాలకే పరిమితము కాదు. ఆసుపత్రిలోని శస్త్రచికిత్స గదిలో కూడ పనిచేయుచున్నది. ఒక మనిషి ఎత్తు పెరుగకుండ బరువు మాత్రము రెట్టింపైనచో అతని ఊపిరితిత్తులు రెట్టింపు కావు. గుండె రెట్టింపు కాదు. రక్తము కూడ రెట్టింపు కాదు. అట్టివానికి మత్తుమందిచ్చి పొట్టలో శస్త్రచికిత్స చేయుట సామాన్య విషయము కాదు. ఐనను ఈనాడు ప్రపంచమంతట, మన దేశములోను, బరువు తగ్గించుటకే శస్త్రచికిత్సలు జరుగుచున్నవి. ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న ఎదురగుచున్నది. ఈ చికిత్స ఎవరికి ఎక్కువ అవసరమో, వారికే అది ఎక్కువ అపాయకరమా? ఔనన్నచో, ఏ కారణములచేత? ఆ అపాయమును తగ్గించు మార్గములేవి? ఈ వ్యాసములో వీనిని పరిశీలింతము.

స్థూలత్వమునకు కొలబద్ద

బెల్జియము దేశపు ఖగోళ, గణాంక శాస్త్రజ్ఞుడు కెట్లే 1830 ప్రాంతమున అనేకుల ఎత్తులను, బరువులను పోల్చి చూచి, పెద్దవారిలో బరువు సుమారుగా ఎత్తు వర్గమును అనుసరించి మారుచుండునని కనుగొనెను. దీని ఆధారముననే కిలోగ్రాములలో బరువును, మీటర్లలో ఎత్తు యొక్క వర్గముచే భాగింపగా వచ్చు సంఖ్యను స్థూలత్వమునకు గుర్తుగా వాడుచున్నారు. 1972లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఆన్సెల్ కీస్ దీనికి ఇప్పటి పేరు పెట్టెను. తెలుగులో దీనిని శరీర ద్రవ్యరాశి సూచిక అనుచున్నాము. ఇకమీద క్లుప్తముగా సూచిక అందము.

1 మీటరు 65 సెంటీమీటర్ల ఎత్తుగల ఇద్దరు మనుష్యులను ఊహింతము. రామయ్య బరువు 60 కిలోలు. భీమయ్య బరువు 135 కిలోలు. ఎత్తు వర్గము 2.72. కావున రామయ్య సూచిక 22. భీమయ్య సూచిక 49.6. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 18.5 నుండి 25 లోపు సామాన్యము. 25 నుండి 30 లోపు అధిక బరువు. 30 మొదలు స్థూలకాయము. 40 దాటినచో తీవ్ర స్థూలకాయము. భారతీయుల విషయములో ఈ గీతలను కొంచెము క్రిందికి దింపి, 23 మొదలు అధిక బరువుగను, 25 మొదలు స్థూలకాయముగను మన వైద్యులు పరిగణించుచున్నారు.

ఇట్లు దించుటకు కారణము కలదు. 2004లో పూనా వైద్యశాస్త్రజ్ఞుడు యాజ్ఞిక్, లండను శాస్త్రజ్ఞుడు యుడ్కిన్ కలసి తమ ఫోటోనే ఒక వైద్యపత్రికలో ప్రకటించిరి. ఇద్దరి సూచికయు 22.3. కాని శరీరములోని కొవ్వు కొలిచి చూడగా యుడ్కిన్‌కు 9.1 శాతము, యాజ్ఞిక్‌కు 21.2 శాతము తేలినది! త్రాసు ఒకే మాట చెప్పినను, కొవ్వు వేరొక మాట చెప్పినది. అంతేకాదు, కొవ్వు ఎక్కడ చేరినదన్నది కూడ ముఖ్యము. ఫ్రాన్సు దేశపు వైద్యుడు వాగ్ 1947లోనే తుంటి, తొడలలో చేరిన కొవ్వుకన్న పొట్ట చుట్టు చేరిన కొవ్వు ఎక్కువ హానికరమని చెప్పెను. శస్త్రవైద్యునికి కూడ ఈ భేదము ముఖ్యమే. తుంటిలోని కొవ్వు కత్తికి అడ్డురాదు. ప్రేవుల చుట్టు, కాలేయములోపల చేరిన కొవ్వు అడుగడుగున అడ్డువచ్చును.

ఇది ధనిక దేశముల సమస్య మాత్రమే అనుకొనుట పొరపాటు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో సూచిక 25గాని అంతకు మించిగాని ఉన్నవారు దేశమంతటికి నూటికి 24 మంది కాగా, తెలంగాణలో నూటికి 30, ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 36 మంది ఉండిరి.

చికిత్స పుట్టుపూర్వోత్తరములు

బరువు తగ్గుటకై ప్రేవులను దాటవేయు మొదటి శస్త్రచికిత్సను 1954లో అమెరికాలోని మిన్నెసోటా వైద్యులు ప్రకటించిరి. చిన్న ప్రేవులలో అధికభాగమును తప్పించి ఆహారమును చివరి భాగమునకు మళ్లించుట దాని పద్ధతి. బరువు తగ్గినదిగాని, పోషకాహారలోపము, కాలేయవ్యాధి మొదలగు చిక్కులు వచ్చి తరువాత దానిని మానివేసిరి. అయోవా విశ్వవిద్యాలయపు శస్త్రవైద్యుడు ఎడ్వర్డ్ మేసన్, కడుపుపుండుకై జీర్ణాశయములో కొంత తీసివేయించుకొన్న స్త్రీలు మరల లావెక్కకుండుట గమనించి, 1966లో గాస్ట్రిక్ బైపాస్‌ను ప్రారంభించెను. ఇందులో జీర్ణాశయపు పైభాగమున సుమారు 30 మిల్లీలీటర్లు పట్టు చిన్న సంచిని వేరుచేసి, దానిని నేరుగా చిన్న ప్రేవులకు కలుపుదురు.

నేడు ఎక్కువగా జరుగుచున్నది స్లీవ్ గాస్ట్రెక్టమీ. స్లీవ్ అనగా చొక్కా చేయి. జీర్ణాశయములో ముప్పాతికకు పైగా తీసివేసి, మిగిలినదానిని చొక్కాచేతివలె సన్నని గొట్టముగా కుట్టుదురు. ఇది పుట్టిన విధము మన విషయమునకు మిక్కిలి సంబంధించినది. 1999లో న్యూయార్కులో గానియే అను శస్త్రవైద్యుడు, ఆయన సహచరులు జీర్ణాశయమును చిన్నదిచేసి ప్రేవులను కూడ మళ్లించు పెద్ద శస్త్రచికిత్సను లాపరోస్కోపు ద్వారా చేయ మొదలిడిరి. సూచిక 60 దాటిన అతిస్థూలకాయులలో చిక్కులు ఎక్కువగా కానవచ్చినవి. అప్పుడు వారు చికిత్సను రెండుగా విభజించిరి. మొదటిసారి జీర్ణాశయమును మాత్రము చిన్నది చేయుట. కొన్ని నెలలకు బరువు తగ్గి దేహము కొంత తేలికపడిన పిమ్మట ప్రేవుల భాగమును పూర్తిచేయుట. తీరా చూడగా, మొదటి మెట్టుతోనే తగినంత బరువు తగ్గి, రెండవ మెట్టు అవసరము లేకపోయినవారు చాలమంది ఉండిరి. ఆ మొదటి మెట్టే స్వతంత్ర చికిత్సగా నిలిచి, స్లీవ్ అను పేర లోకమంతట వ్యాపించినది. అనగా నేడు అందరికిని చేయుచున్న చికిత్స, అతిపెద్ద దేహములయందలి అపాయమును తప్పించుటకై పుట్టినదే.

ఈ చికిత్సలు కడుపును చిన్నది చేయుటచేతనే పనిచేయునని మొదట తలచిరి. అది కొంతవరకే నిజము. జీర్ణాశయపు పైభాగమునుండి గ్రెలిన్ అను ఆకలి పుట్టించు హార్మోను ఊరును. దానిని జపాను శాస్త్రజ్ఞులు 1999లో కనుగొనిరి. స్లీవ్‌లో ఆ భాగము పోవును. ఆహారము ప్రేవుల చివరి భాగమునకు త్వరగా చేరుటచే, తృప్తిని కలిగించి ఇన్సులిన్‌ను ప్రేరేపించు హార్మోనులు పెరుగును. అందుచేతనే బరువు ఎక్కువగా తగ్గకముందే కొందరిలో మధుమేహము అదుపులోనికి వచ్చుచున్నది.

ఊపిరి నిల్వ

శస్త్రచికిత్సలో మొదటి గండము కత్తితో కాదు, మత్తుమందుతో వచ్చును. రోగికి మత్తిచ్చి, కండరములను సడలించి, గొంతులోనికి గొట్టమును దింపు కొద్ది నిమిషములు అతడు ఊపిరి పీల్చడు. ఆ కొద్దిసేపు బ్రతికించునది ఊపిరితిత్తులలో మిగిలియున్న ఆమ్లజని, అనగా ప్రాణవాయువు నిల్వయే.

మామూలుగా ఊపిరి విడిచిన తరువాత కూడ పెద్దవారి ఊపిరితిత్తులలో సుమారు రెండున్నర లీటర్ల గాలి మిగిలియుండును. మత్తివ్వకముందు కొన్ని నిమిషములు శుద్ధమైన ఆమ్లజనిని పీల్పించి ఈ నిల్వను నింపుదురు. విశ్రాంతిలో ఉన్న మనిషి నిమిషమునకు సుమారు 250 మిల్లీలీటర్ల ఆమ్లజనిని ఖర్చుచేయును. ఇప్పుడు భీమయ్య సంగతి చూతము. వెల్లకిల పండుకొన్నప్పుడు అతని పొట్టలోని బరువు ఉదరవితానమును పైకి నెట్టును. ఛాతీపై చేరిన కొవ్వు పైనుండి నొక్కును. నిల్వ తగ్గిపోవును. ఇక దేహము పెద్దది కనుక ఖర్చు పెరుగును. నిల్వ సగమై, ఖర్చు ఒకటిన్నర రెట్లైనచో, గడువు మూడవ వంతగునని విద్యార్థులు సులభముగా లెక్కకట్టగలరు.

ప్రయోగములు కూడ ఇంచుమించుగా ఇట్లే చెప్పుచున్నవి. 1991లో ప్రకటించిన ఒక పరిశోధనలో, శ్వాస ఆగిన పిమ్మట రక్తములో ఆమ్లజని సంతృప్తత 90 శాతమునకు దిగుటకు సామాన్య దేహులకు సుమారు 6 నిమిషములు పట్టగా, తీవ్ర స్థూలకాయులకు 3 నిమిషములు కూడ పట్టలేదు. గొంతు చుట్టు కొవ్వు ఉండుటచే గొట్టము దింపుట కూడ కష్టము కావచ్చును. పని కష్టము, గడువు స్వల్పము!

దీనికి విరుగుడు సరళమైన భౌతికశాస్త్రములోనే దొరికినది. రోగిని బల్లపరుపుగా పండుకొనబెట్టక, తల, ఛాతీ వైపు సుమారు 25 డిగ్రీలు ఎత్తి ఉంచినచో, పొట్టబరువు గురుత్వాకర్షణచే క్రిందికి జారును. ఉదరవితానము దిగును, నిల్వ పెరుగును. ఒక ప్రయోగములో ఈ చిన్న ఏర్పాటుచే ముప్పాతిక నిమిషపు గడువు అదనముగా లభించినది. ఆ గదిలో ముప్పాతిక నిమిషము తక్కువ కాదు.

స్థూలకాయులలో అనేకులకు నిద్రలో శ్వాస ఆగియాగి వచ్చు వ్యాధి కలదు. గట్టిగా గురకపెట్టుట, పగలు తూగుట దాని గుర్తులు. చికిత్స తరువాత నొప్పి తగ్గించుటకు నల్లమందు జాతి మందులిచ్చినచో ఈ వ్యాధి ముదిరి ప్రాణముమీదికి తెచ్చును. కావున దానిని ముందే కనిపెట్టి, రాత్రులందు ముక్కుకు అమర్చి గాలినొత్తు యంత్రమును వాడింతురు. నొప్పికి వేరు మందులను ఎంతురు.

రక్తము, మందుల మోతాదు

సన్నని మనిషిలో కిలో బరువునకు సుమారు 70 మిల్లీలీటర్ల రక్తముండును. రామయ్యకు 60 కిలోలు; కావున 4.2 లీటర్లు. ఇదే లెక్కన భీమయ్యకు 9 లీటర్లకు మించి ఉండవలెను. కాని కొవ్వులో రక్తనాళములు తక్కువ. 2006లో ప్రకటింపబడిన ఒక సూత్రము ప్రకారము, సూచికను 22చే భాగించి, దాని వర్గమూలముచే 70ని భాగించినచో కిలోకు ఎంత రక్తమో వచ్చును. భీమయ్య సూచిక రామయ్యకు రెండుంబాతిక రెట్లు. దాని వర్గమూలము ఒకటిన్నర. కావున కిలోకు 47 మిల్లీలీటర్లు, మొత్తము 6.3 లీటర్లు. బరువు రెండుంబాతిక రెట్లు పెరిగినను రక్తము ఒకటిన్నర రెట్లే పెరిగినది. ఏనుగు కాళ్ల కథ ఇక్కడ మరొక రూపమున కనబడుచున్నది.

దీనివలన మందుల మోతాదును బరువునుబట్టి గ్రుడ్డిగా గుణించుట ప్రమాదకరము. ప్రొపోఫాల్ అను మత్తుమందును మొదట ఇచ్చునప్పుడు మొత్తము బరువునకు గాక, కొవ్వు తీసివేయగా మిగులు బరువునకు లెక్కింతురు. లేనిచో రక్తపు పోటు పడిపోవును. కండరములను సడలించు సక్సినైల్‌కోలిన్‌ను మాత్రము మొత్తము బరువుకే లెక్కింతురు. చీము పట్టకుండ ముందుగా ఇచ్చు సెఫజోలిన్ అను మందు పెద్దలకు మామూలుగా 2 గ్రాములు. 120 కిలోలుగాని అంతకు మించిగాని ఉన్నవారికి 3 గ్రాములు. మందు మందుకు ఒక లెక్క కలదు.

పొట్టలోపలి ఇరుకు

పూర్వము పొట్టను నిలువుగా కోసి ఈ చికిత్స చేసెడివారు. దళసరి కొవ్వుపొరలో రక్తప్రసారము తక్కువగుటచే అక్కడికి ఆమ్లజని, తెల్లకణములు చాలినంత చేరవు. గాయమునకు చీము పట్టుట, కుట్లు సడలి ప్రేవులు ఉబుకుట తరచుగా జరిగెడివి. 1990ల తరువాత లాపరోస్కోపు వచ్చి ఈ బాధను చాలవరకు తగ్గించినది. చిన్న రంధ్రములగుండ కెమెరాను, సన్నని పరికరములను పంపి, లోపలి దృశ్యమును తెరపై చూచుచు పనిచేయుదురు.

ఐనను పరిమాణము ఇక్కడ కూడ తన పన్ను వసూలుచేయక మానదు. లోపల చోటు కొరకు పొట్టలోనికి బొగ్గుపులుసు వాయువును సుమారు 15 మిల్లీమీటర్ల పాదరసపు పీడనముతో నింపుదురు. సన్నవారి పొట్టలో సహజముగా ఉండు పీడనము 5 మిల్లీమీటర్లకు మించదు. తీవ్ర స్థూలకాయులలో అది ముందే 9, 10 వరకు ఉండును. ఈ పీడనము ఉదరవితానమును పైకి నెట్టి శ్వాసకును, కాళ్లనుండి రక్తమును తెచ్చు పెద్ద సిరను నొక్కి ప్రసరణకును అడ్డగును. పరికరములు పొట్టగోడ వద్ద ఆనుకొని తులాదండమువలె తిరుగును. గోడ ఎంత దళసరియైన, పరికరమును త్రిప్పుటకు అంత బలము కావలెను. లోపలికి చేరు పొడవు అంత తగ్గిపోవును. చేయి త్వరగా అలసిపోవును, పని ఆలస్యమగును.

జీర్ణాశయముపై కప్పువలె ఉండునది కాలేయపు ఎడమభాగము. స్థూలకాయులలో అది కొవ్వుతో ఉబ్బి, బరువెక్కి, పట్టి ఎత్తిన చిట్లు స్వభావముతో ఉండును. దీనికి కనుగొన్న ఉపాయము కత్తికి సంబంధించినది కాదు; వంటయింటికి సంబంధించినది. చికిత్సకు ముందు మితమైన కేలరీలుగల ఆహారమునిచ్చినచో కాలేయము చిక్కును. 2006లో ప్రకటించిన ఒక పరిశోధనలో 12 వారములలో కాలేయపు పరిమాణము సుమారు 19 శాతము తగ్గినది; ఆ తగ్గుదలలో 80 శాతము మొదటి 2 వారములలోనే జరిగినది. అందుచే అనేక ఆసుపత్రులలో చికిత్సకు ముందు రెండు వారముల పథ్యము నియమముగా పాటించుచున్నారు. పథ్యమును రోగికి శిక్షగా విధింపలేదు. అది శస్త్రవైద్యునికి దారి తెరచును.

చికిత్స తరువాతి గండములు

జర్మనీ శాస్త్రజ్ఞుడు విర్కో 19వ శతాబ్దిలోనే రక్తము నాళములలో గడ్డకట్టుటను విచారించెను. ప్రవాహము మందగించుట, నాళపు గోడ దెబ్బతినుట, రక్తముయొక్క గడ్డకట్టు గుణము పెరుగుట - ఈ మూడు కారణములను నేటికిని ఆయన పేరనే చెప్పుకొనుచున్నారు. స్థూలకాయునికి శస్త్రచికిత్స జరిగినప్పుడు మూడును ఒకచోట చేరును. కాళ్ల సిరలలో కట్టిన గడ్డ తెగి ఊపిరితిత్తుల ధమనిలో చిక్కుకొన్నచో నిమిషములలో ప్రాణము పోవచ్చును. అందుకే రక్తము పలుచబడు సూదిమందు ఇత్తురు. చికిత్స జరిగిన దినముననే రోగిని లేపి నడిపింతురు. నిన్ననే కోసి ఇవాళ నడిపించుచున్నారేమని బంధువులు కోపపడుట కద్దు. ఆ నాలుగడుగులు మందుతో సమానము.

రెండవది కుట్లనుండి లీకు. ఇది అరుదుగాని తీవ్రమైనది. సన్ననివానిలో పొట్ట గట్టిపడుట చేతికి తెలియును. కొవ్వుపొర దళసరిగా ఉన్నచో తెలియదు. అప్పుడు నాడి నిమిషమునకు 120కి మించి కొట్టుకొనుట ఒక్కటే మొదటి హెచ్చరిక కావచ్చును. స్కాను తీయవలెనన్నను యంత్రపు బల్లకు బరువు హద్దు ఉండును. కావున అట్టివారిని చేర్చుకొను ఆసుపత్రిలో మంచము, చక్రముల కుర్చీ, స్కాను బల్ల తగిన బరువు మోయగలవా అని ముందే చూచుకొనవలెను.

మూడవది కండరములకు కలుగు హాని. పీడనమనగా బలమును వైశాల్యముచే భాగింపగా వచ్చునది. బరువైన దేహము గంటలకొలది గట్టి బల్లపై కదలక ఉన్నచో పిరుదుల కండరములు నలిగి, వాని లోపలి పదార్థములు రక్తములో కలసి మూత్రపిండములను దెబ్బతీయును. మెత్తని దిండ్లు పరచి వైశాల్యము పెంచుట, చికిత్సను త్వరగా ముగించుట దీనికి నివారణ.

అపాయపు లెక్క

ఇన్ని కష్టములు చెప్పుకొన్న పిమ్మట, వాస్తవములో ఎందరు మరణించుచున్నారని అడుగుట న్యాయము. 2009లో ప్రకటించిన అమెరికా పరిశోధనలో, పది కేంద్రములలో చికిత్స పొందిన 4,776 మందిలో 30 దినములలోపు మరణించినవారు 0.3 శాతము, అనగా వేయికి ముగ్గురు. మరణము, గడ్డకట్టుట, మరల శస్త్రచికిత్స మొదలగు పెద్ద చిక్కులన్నియు కలిపి 4.3 శాతము. చిక్కులను పెంచిన కారణములలో మితిమీరిన సూచిక ఒకటి. దానితోపాటు పూర్వము రక్తము గడ్డకట్టియుండుట, నిద్రలో శ్వాస ఆగు వ్యాధి, నడువలేని స్థితి కూడ ఉన్నవి.

2007లో డిమేరియా అను శస్త్రవైద్యుడు, ఆయన సహచరులు గాస్ట్రిక్ బైపాస్ చేసికొన్న 2,075 మందిని పరిశీలించి ఐదు అంశములుగల మార్కుల పట్టిక తయారుచేసిరి. సూచిక 50గాని అంతకు మించిగాని ఉండుట, పురుషుడగుట, రక్తపు పోటు, ఊపిరితిత్తులలో గడ్డ చిక్కుకొను అవకాశము, వయస్సు 45గాని అంతకు మించిగాని ఉండుట - ఒక్కొక్కదానికి ఒక మార్కు. సున్న లేక ఒక మార్కు వచ్చినవారిలో మరణములు 0.31 శాతము, రెండు మూడు వచ్చినవారిలో 1.9 శాతము, నాలుగైదు వచ్చినవారిలో 7.56 శాతము. తరువాత వేరు కేంద్రములలో 4,431 మందిపై సరిచూడగా చివరి వర్గములో అది 2.4 శాతముగా తేలినది.

ఈ పట్టికనుండి రెండు పాఠములు గ్రహింపవచ్చును. మొదటిది, ఐదు మార్కులలో దేహపరిమాణమునకు దక్కినది ఒక్కటే. సూచిక 52 గల ముప్పది ఏండ్ల ఆరోగ్యవంతురాలికన్న, సూచిక 42 ఉండి రక్తపు పోటు గల యేబది ఏండ్ల పురుషునికి మార్కులెక్కువ. రెండవది, గీతలు మనము గీసికొన్నవి. భీమయ్య సూచిక 49.6, రెండు కిలోలు పెరిగినచో 50 దాటి ఒక మార్కు చేరును. ఆ రెండు కిలోలతో అతని దేహములో హఠాత్తుగా ఏమియు మారదు. పరీక్షలో 34 మార్కులకును 35 మార్కులకును గల భేదమువంటిదే ఇది. ఉపాధ్యాయులకు దీని అంతరార్థము చెప్పనక్కరలేదు.

కోలుకొనుట

లాపరోస్కోపు చికిత్స తరువాత చిక్కులు లేనివారు సాధారణముగా రెండు మూడు దినములలో ఇల్లు చేరుదురు. మొదటి రెండు వారములు పల్చని మజ్జిగ, పప్పుకట్టు వంటి ద్రవములు. తరువాత మెత్తగా మెదిపిన ఆహారము. నెలా రెండు నెలలకు గట్టి ఆహారము. మాంసకృత్తులు తగ్గరాదు. బి12, డి విటమినులు, ఇనుము, కాల్షియము బిళ్లలను జీవితాంతము వాడవలెను. వాంతులు తగ్గకున్నచో థయామిన్ లోపము వచ్చి నరములు దెబ్బతినవచ్చును. బరువు వేగముగా తగ్గునప్పుడు పిత్తాశయములో రాళ్లు ఏర్పడవచ్చును. మధుమేహమునకు, రక్తపు పోటుకు వాడు మందుల మోతాదును కూడ దేహము తగ్గినకొలది వైద్యుడు తగ్గించుచు రావలెను.

ఫలితములో దేహపరిమాణము చేయు తమాషా ఒకటి కలదు. సూచిక 40 గల సోమయ్యను ఊహింతము. ఎత్తు భీమయ్యంతయే, బరువు 109 కిలోలు. ఇద్దరును తమ బరువులో 30 శాతము తగ్గిరనుకొందము. సోమయ్య 33 కిలోలు తగ్గి 76కు వచ్చును, సూచిక 28. భీమయ్య 40 కిలోలకు మించి తగ్గి 94.5కు వచ్చును, సూచిక ఇంకను 34.7. కిలోలలో చూచిన భీమయ్య గెలిచెను. శాతములో చూచిన సమానము. సూచిక 25నకు పైబడిన బరువులో ఎంత పోయినదని చూచిన సోమయ్యకు 80 శాతము, భీమయ్యకు 60 శాతము! చికిత్స ఒకటే, కొలత మారగా తీర్పు మారినది. కావున "ఇంత చేయించుకొని ఇంకా లావుగానే ఉన్నాడే" అని భీమయ్యను ఆక్షేపించువారు లెక్క తెలియనివారు. 40 కిలోలు దింపిన మోకాళ్లకు ఆ తేడా తెలియును.

మరి ఎప్పుడు?

అపాయము బరువుతో పెరుగునన్నచో, ఇంకను బరువు పెరుగువరకు ఆగుట తెలివితక్కువ. అతిస్థూలకాయులకు అపాయమెక్కువ కనుక వారికి చికిత్స నిరాకరించుటయు న్యాయము కాదు. 1987లో ప్రారంభమైన స్వీడన్ పరిశోధనలో 2,010 మంది శస్త్రచికిత్స పొందగా, 2,037 మంది మామూలు చికిత్సలో ఉండిరి. శస్త్రచికిత్సానంతరము ఐదుగురు మరణించిరి. ఐనను సంవత్సరములు గడచినకొలది, మొత్తముమీద మరణములు శస్త్రచికిత్స పొందినవారిలోనే తక్కువగా ఉన్నట్లు 2007లో ప్రకటించిరి. చికిత్సవలన మధుమేహము రాకుండ కలిగిన రక్షణలో, మొదటి సూచిక ఎక్కువా తక్కువా అన్నది భేదము చూపలేదని 2012లో తేలినది. అనగా పరిమాణముతో అపాయము పెరిగినను, ప్రయోజనము దానినిబట్టి మాత్రమే నిర్ణయింపబడదు.

1991లో అమెరికా నిపుణులు సూచిక 40, లేక జబ్బులున్నచో 35, చికిత్సకు హద్దుగా పెట్టిరి. 2022లో అంతర్జాతీయ సంఘములు దానిని సవరించి, జబ్బులు లేకున్నను 35గాను, ఆసియావాసులకు 27.5గాను సూచించిరి. ఇది సలహా మాత్రమే. ఆ అంకె దాటిన ప్రతివాడును కత్తికి సిద్ధపడవలెనని అర్థము కాదు. ఆహారము, వ్యాయామము, ఇప్పుడు వచ్చుచున్న కొత్త మందులు - వీనినన్నిటిని వైద్యుడు తూచి చూడవలెను. "ఒక్క దినములో సన్నబడుడు" అను ప్రకటనలను నమ్మి పరుగెత్తరాదు. ఎంత అనుభవముగల వైద్యబృందము, ఏ సదుపాయములు, తరువాత ఎన్నేండ్లు కనిపెట్టి చూతురు అను ప్రశ్నలు ముందుగా అడుగవలెను.

ఉపాధ్యాయులకు ఒక మనవి. తరగతిలో లావుగా ఉన్న బాలుని చూచి తక్కినవారు నవ్వుట మనమెరుగుదుము. ఆకలి, తృప్తి, కొవ్వు నిల్వ - ఇవి సంకల్పబలముచే మాత్రమే నడచునవి కావనియు, హార్మోనులు, వంశపారంపర్యము, పరిసరములు వానిని నడుపుచున్నవనియు ఈ శస్త్రచికిత్స చరిత్రయే నిరూపించుచున్నది. పాఠము చెప్పునప్పుడు విద్యార్థుల బరువులను అందరియెదుట తూచి సూచికలు కట్టింపవద్దు. పైన చెప్పిన రామయ్య, సోమయ్య, భీమయ్యల లెక్కలు చాలును. వర్గము, వర్గమూలము, పీడనము, తులాదండము - తరగతిలో నేర్పునవన్నియు ఆ లెక్కలలో ఉన్నవి. అవహేళనకు గురియైన బాలుడు తన బాధను దాచుకొని, వైద్యుని వద్దకు పోవుటకే సిగ్గుపడును. అట్లు ఆలస్యమైన ప్రతి సంవత్సరమును అతని దేహముమీదను, రేపు అతనికి చికిత్స చేయు వైద్యునిమీదను భారమై నిలుచును.